వయొలిన్ నెక్ విరిగింది, కొత్తది నేనే చేసుకోవచ్చా అని అడిగిన తమ్ముడికి

తమ్మీ, నువ్వు రాసింది మొత్తం చదివిన. నాగర్‌కర్నూల్‌ల ఉంటవ్, మీ తాత వాయించిన వయొలిన్, బీరువా మీదికెళ్ళి కిందపడి నెక్, అంటే చెయ్యి పట్టుకునే మెడ, హీల్ దగ్గర (అది బాడీల దిగే లావు మొదలు) విరిగింది, ఎవరో ఎపాక్సీ పెట్టి అతికిస్తే తీగెలు బిగించినంక మల్ల ఊడింది, ఊర్ల వడ్ల ఆయన టేకు కట్టెతోని అసొంటిదే ఇంకోటి చెక్కిస్త అంటున్నడు, నీకేమో నువ్వే చేయాలని ఉంది, కానీ ఇన్నేండ్లల్ల ఉలి పట్టింది లేదు, అయితదా అని అడిగినవ్. అయితది. టైం పడ్తది, ఓపిక కావాలె, రెండు మూడు పనిముట్లు కొనాలె, కానీ అయితది. నేను వయొలిన్లు, వీణలు రిపేర్ చేయబట్టి చానా ఏండ్లు అయితుంది, కొత్తగ నేర్చుకునేటోళ్ళు ఎక్కడ ఆగిపోతరో చూసిన గాబట్టి జర వివరంగ రాస్తున్న, నిమ్మళంగ చదువు.

ముందుగాల ఒక్కటి మనసుల పెట్టుకో. అందరూ స్క్రోల్, అంటే నెక్ కొనకు ఉండే చుట్ట, చూసి భయపడ్తరు, ఆ చుట్లు ఎట్ల చెక్కుతం అని. స్క్రోల్ వంకర పోయినా వయొలిన్ పలుకుతది. అసలు పని ఎక్కడుంటదంటే నెక్‌ని బాడీల కూర్చోబెట్టే కాడ, అదొక్కటి జర తప్పిందంటే ఎంత అందంగ చెక్కినా బ్రిడ్జి (పలక మీద తీగెలను ఎత్తి పట్టే చిన్న కట్టె) ఎత్తు కుదరది, తీగెలు పక్కకు పోతయి, చెయ్యి నొస్తది, స్వరం పట్టుకున్న కాడ దొరకది. అందుకే నీ ఓపికల ముప్పావు వంతు ఆ జాయింట్ కోసం దాచిపెట్టుకో. చెక్కుడు తొందరగ అయిపోయింది అని సంబరపడి జాయింట్‌ల తొందరపడకు.

ఇంకో మాట, అసలు కొత్త నెక్ అవసరమా కాదా అన్నది ముందు తేలాలె. ఒట్టి జిగురు ఊడి జాయింట్ మొత్తంగ బయటికి వచ్చి ఉంటే కొత్త నెక్ అక్కర్లేదు, పాత జిగురు తుడిచి మల్ల పెడితే చాలు. హీల్ నిలువుగ చీలితే లోపల పిన్ను పెట్టి కాపాడొచ్చు. కానీ నీ కేసుల విరిగిన కాడ ఎపాక్సీ పోసిన్రు, అది కట్టె నారల్లకు ఇంకిపోయి ఉంటది, దాని మీద సరేసు, అంటే పశువుల తోలుతోని చేసే జిగురు, పట్టది, మల్ల ఎపాక్సీనే పెట్టాలె, మల్ల ఊడుతది. ఇక్కడ కొత్త నెక్ కరెక్టే. ఒక్కటి మాత్రం తప్పకుండ చూడు, వెనక పలక పైన నెక్ కింద అర్ధచంద్రం లెక్క బయటికి వచ్చిన చిన్న ముక్క ఉంటది, దాన్ని బటన్ అంటరు. నెక్ పట్టు సగం దాని మీదనే ఉంటది. అది పగిలితే మాత్రం నువ్వు ముట్టకు, అది వేరే రిపేరు, చెయ్యి తిరిగినోళ్ళే చేయాలె. బటన్ మంచిగ ఉంటే ముందుకు పోదాం.

తాత వయొలిన్‌కి కొత్త నెక్ పెడితే దాని విలువ పోతదేమో అని కూడా అడిగినవ్. ఆ బెంగ పెట్టుకోకు. 1737ల చనిపోయిన స్ట్రాడివారి చేసిన వయొలిన్లు ఇయ్యాల ప్రపంచంల ఎవరి చేతిలో ఉన్నా, దాదాపు అన్నిట్లకు నెక్ తర్వాత మార్చిందే. ఆయన కాలంల నెక్ పొట్టిగ ఉండేది, బాడీ లోపల నెక్ కాడ ఉండే కట్టె దిమ్మె, దాన్ని బ్లాక్ అంటరు, దాని నుంచి మేకులు కొట్టి బిగించేటోళ్ళు, తర్వాతి కాలంల నెక్ పొడువు పెంచి, వెనక్కి వంచి, బ్లాక్‌ల గాడి తీసి దిగేసిన్రు. పాత స్క్రోల్ మాత్రం కోసి కొత్త నెక్‌కి అతికిన్రు, దాన్ని గ్రాఫ్ట్ అంటరు. నీకు కూడా తాత చెయ్యి పడ్డ స్క్రోల్ ఉంచుకోవాలని ఉంటే ఆ దారి ఉంది, కానీ గ్రాఫ్ట్ అంటే బిరడల పెట్టె (బిరడలు అంటే తీగెలు బిగించే పిడులు) లోపలికి మూడు దిక్కుల సరిగ్గ కూర్చునే అతుకు తీయాలె, అది మొదటి పనికి వద్దు. ఇప్పుడు మొత్తం కొత్త నెక్ చెయ్యి, పాత స్క్రోల్‌ని బట్టల చుట్టి దాచిపెట్టు, రెండేండ్లకు చెయ్యి కుదిరినంక గ్రాఫ్ట్ చేద్దువు. పాతది ఒక్క ముక్క కూడా పారేయకు, ఫింగర్‌బోర్డు (నెక్ మీద వేళ్ళు నొక్కే నల్ల పలక), బిరడలు, నట్టు (బిరడల దిక్కు తీగెలు ఆనే చిన్న కట్టె) అన్ని పనికొస్తయి, విరిగిన నెక్కే నీకు అన్నిటికంటే మంచి నమూనా.

ఇగ కట్టె సంగతి. టేకు వద్దు. వడ్ల ఆయన టేకు అనుడు తప్పు కాదు, దర్వాజకు, మంచానికి దాన్ని మించింది లేదు, కానీ టేకుల నూనె ఉంటది, జిగురు సరిగ్గ పట్టది, దాంట్ల ఇసుక లాంటి పదార్థం ఉంటది ఉలి మొన ఊకే పోతది. మద్ది బరువు ఎక్కువ. వేప నార ఒక వరుస ఇటు ఒక వరుస అటు తిరిగి ఉంటది, రందా పడితే ఒక దిక్కు నున్నగ వస్తది ఇంకో దిక్కు పెచ్చులు లేస్తది. నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి కట్టె చెక్కనీకి వెన్న లెక్క ఉంటది కానీ తీగెల బిగుతుకు ఆగది. నాలుగు తీగెలు పాశ్చాత్యుల శ్రుతికి బిగిస్తే అన్ని కలిపి 20 కిలోల పైననే లాగుతయి, మన దగ్గర పాడేటోళ్ళ శ్రుతికి తగ్గట్టు దించుతం గాబట్టి కొంత తక్కువ, కానీ రాత్రింబగళ్ళు ఏండ్లకేండ్లు లాగుతనే ఉంటది, అది గుర్తుపెట్టుకో. పనస కట్టెతోని వీణలు, తంబురాలు చేస్తరు, ఎండిన మంచి పనస దొరికితే నేర్చుకునే నెక్‌కి పనికొస్తది. అసలు నెక్‌కి మాత్రం మేపుల్ తీసుకో. మన దక్కన్‌ల అది పెరగది, హిమాలయాల దిక్కు కొన్ని రకాలు ఉన్నయి, యూరప్ మేపుల్ బ్లాకులు కూడా వయొలిన్ నెక్ కోసమే కోసి ఆన్‌లైన్‌ల అమ్ముతరు. సుమారు 28 సెంటీమీటర్ల పొడువు, 6 వెడల్పు, 4.5 మందం ఉండాలె, స్క్రోల్ చెవుల కాడ 4.2 దాకా వెడల్పు వస్తది గాబట్టి 4.5కి తగ్గొద్దు.

కొనేటప్పుడు పులి చారలు ఎంత మెరుస్తున్నయి అని చూడకు, నార సక్కగ పోతుందా చూడు. చివరికెళ్ళి అగ్గిపుల్లంత ముక్క ఉలితోని చీల్చి చూడు, చీలిక గీత గీసినట్టు సక్కగ పోతే మంచిది, పక్కకు మళ్ళితే ఆ బ్లాక్ నెక్‌కి పనికిరాదు, ఎప్పుడో ఒకనాడు ఆ గీత వెంటనే విరుగుతది. వచ్చినంక కూడా ఎంబడే కోయకు. ఎక్కడో చల్లటి ఊర్ల ఎండిన కట్టె, మన మహబూబ్‌నగర్ నల్లగొండ ఎండల్ల ఇంకా ఎండుతది, ఎండితే కదుల్తది. ఇంట్ల నీడకు, గాలి ఆడే కాడ పెట్టు, వారానికోసారి కిరాణా దుకాణంల ఉండే డిజిటల్ కాంటా మీద తూచి రాసుకో, బరువు మారుడు ఆగినప్పుడే ఆ కట్టె మన ఇంటికి అలవాటు పడ్డట్టు. ఈ మధ్యల పొద్దుపోక పోతే పెట్టెలకు కొట్టే పైన్ చెక్కతోని ఉత్తుత్త జాయింట్లు చేసి చూడు, చేతికి అలవాటు అయితది.

పనిముట్లు ఎక్కువ అక్కర్లేదు. ఒక చిన్న రందా, ఒక వెడల్పు ఉలి ఒక సన్న ఉలి, రెండు మూడు గోటి ఉలులు అంటే వంపు ఉన్నయి, సన్న పండ్ల రంపం, సగం గుండ్రటి ఆకురాయి, గునియా, స్టీలు స్కేలు, డిజిటల్ కాలిపర్. స్కేలు సక్కగ ఉందో లేదో చూసి తీసుకో. కొనక తప్పనిది ఒకటుంది, బిరడల రంధ్రాలకు వాడే రీమర్, 30 ఎంఎం పొడువుకు 1 ఎంఎం లెక్కన సన్నగ పోయేది, బిరడలు చెక్కే షేపర్ కూడా అదే కొలతది. దానికి బదులు ఇంట్ల ఉన్నదేదో పెట్టి చేస్తే బిరడ ఎన్నటికి నిలవది. వడ్ల ఆయన్ని పక్కన పెట్టకు మల్ల, ఆయన దగ్గరికి పోయి ఉలి సాన పట్టుడు నేర్చుకో, అది నీకు పుస్తకాలల్ల దొరకది. ఉలి మొన చేతి మీది వెంట్రుక తీయాలె, అంత పదును ఉంటేనే మేపుల్ అడ్డంగ కోసినప్పుడు గాజు లెక్క మెరుస్తది. బ్లాకుని నాలుగు దిక్కుల మట్టం చేయించుకునుడు కూడా ఆయన దగ్గరనే చేయించుకో, తప్పు లేదు. ఒక్కటి మాత్రం యాదికుంచుకో, వాళ్ళ లెక్క ఇంచులు సూత్‌లల్ల నడుస్తది, ఒక సూత్ అంటే 3 ఎంఎం పైన, మన పనిల అర ఎంఎం అంటే పెద్ద తేడా, అందుకే కొలతలు నువ్వే గీసి ఇయ్యాలె.

కొలతలు ఇప్పుడు చెప్త. పుస్తకం కొలత ఉంటది, నీ వయొలిన్ కొలత ఉంటది, నీ వయొలిన్ కొలతనే నడవాలె. ఫుల్ సైజు వయొలిన్ బాడీ 355 ఎంఎం అటుఇటు, పై పలక అంచు నుంచి బ్రిడ్జి నిలబడే గీత దాకా, అంటే ఎఫ్ ఆకారం రంధ్రాల లోపలి దిక్కు ఉన్న చిన్న గాటు దాకా, 195 ఎంఎం. దీన్ని స్టాప్ అంటరు. నట్టు నుంచి పై పలక అంచు దాకా నెక్ పొడువు 130. ఈ రెండూ 2:3 నిష్పత్తిల ఉండాలె, అట్ల ఉంటేనే చెయ్యి పైకి జారినప్పుడు బొటనవేలు హీల్‌కి తగిలిన కాడ వేలికి స్వరం సరిగ్గ దొరుకుతది. పాత ఫ్యాక్టరీ వయొలిన్లల్ల స్టాప్ 192 ఉండొచ్చు 197 ఉండొచ్చు, నీది 192 వస్తే నెక్ 128 చెయ్యాలె, 130 చేయొద్దు. ఫింగర్‌బోర్డు 270 పొడువు, నట్టు కాడ 24 వెడల్పు, బ్రిడ్జి దిక్కు కొన 42 ఎంఎం. ఫింగర్‌బోర్డు కింది ముఖం పై పలక అంచు కంటే 6 ఎంఎం ఎత్తుల ఉండాలె. ఇగ అన్నిటికంటే ముఖ్యమైంది ప్రొజెక్షన్, అంటే ఫింగర్‌బోర్డు పైన స్కేలు పెట్టి బ్రిడ్జి గీత దాకా జరిపితే అక్కడ ఆ స్కేలు పలక నుంచి ఎంత ఎత్తుల ఉందో ఆ లెక్క. అది 27 ఎంఎం ఉండాలె. 25కి దిగితే బ్రిడ్జి పొట్టిదైతది, తీగెలు పలకను సరిగ్గ నొక్కవు, నాదం పల్చగ వస్తది. 29 దాటితే బ్రిడ్జి ఎత్తు పెరిగి పలక మీద బరువు ఎక్కువైతది.

పాత నెక్ తీసుడు ఎట్లనంటే, ముందు ఫింగర్‌బోర్డు విడిపించు. పల్చటి మొద్దు కత్తి అంచుకు రెండు చుక్కలు స్పిరిట్ అద్ది జాయింట్‌ల మెల్లగ దూర్చు, సరేసు స్పిరిట్‌కి పెళుసుబారి టప్పున ఊడుతది. స్పిరిట్ వార్నిష్ మీద పడొద్దు, పడితే వార్నిష్ కరుగుతది, అందుకే చుట్టూ గుడ్డ పెట్టుకో. తర్వాత గాడిల మిగిలిన హీల్ ముక్కను రంపంతోని నిలువుగ రెండు మూడు గీతలు కోసి, మధ్యలకెళ్ళి ఉలితోని పెచ్చులు పెచ్చులు తీసుకుంట రా. బటన్ దిక్కు ఉలి ఎన్నడు పొడవకు. ఎపాక్సీ ఉన్న కాడ పల్చటి కత్తిని వేడి చేసి గీకు, మెత్తబడ్తది. కట్టె రంగు తేటగ కనిపించే దాకా గీకాలె, పసుపు పచ్చటి పొర ఒక్క చుక్క మిగిలినా అక్కడ సరేసు పట్టది. గీకి గీకి గాడి వెడల్పు అయితే ఫికర్ పడకు, పక్కలకు పల్చటి కట్టె పట్టీలు సరేసుతోని అతికి, ఆరినంక మల్ల కొత్తగ గాడి కోసుకోవచ్చు. సౌండ్ పోస్ట్ అని లోపల నిలబెట్టిన చిన్న కట్టె పుల్ల ఉంటది, తీగెలు తీసేస్తే అది పడిపోతది, పడితే బెదరకు, తీసి దాచిపెట్టు, చివరికి మల్ల నిలబెట్టిపియ్యాలె.

బ్లాక్ చేతికి వచ్చినంక మొదటి పని ఒక ముఖం అద్దం లెక్క సాపు చేసుడు. ఫింగర్‌బోర్డు అతికేది ఆ ముఖానికే, మిగతా కొలతలు అన్ని దాని నుంచే తీయాలె, అది తప్పితే అన్నీ తప్పుతయి. దాని మధ్యల గీత గీసి, ఆ గీతను నాలుగు దిక్కుల చుట్టి తీస్కపో. పాత నెక్ పక్క ఆకారం ఒక పాత ఎక్స్‌రే ఫిల్మ్ మీద గీసి కత్తిరిస్తే మంచి టెంప్లేట్ అయితది, విరిగిన ముక్కలు కలిపి పెట్టి గీయి. హీల్ కాడ మాత్రం టెంప్లేట్ కంటే 8–10 ఎంఎం ఎక్కువ వదులు. గీసినంక ఎంబడే రంపం పెట్టకు, బిరడల రంధ్రాలు ముందు వేసుకో, సన్న బిట్టుతోని, ఎందుకంటే ఇప్పుడు బ్లాక్ పక్కలు సమంగ ఉన్నయి, డ్రిల్లు నిలువుగ దిగుతది, ఆకారం కోసినంక వెయ్యాలంటే వంకర పోతది. తర్వాత కట్టె కోత మిషన్ దగ్గర పక్క ఆకారం కోయించుకో, చేతి రంపంతోనన్నా కోయొచ్చు, ఏదైనా గీతకు 1 ఎంఎం బయటనే ఆగాలె.

స్క్రోల్ గురించి ఎక్కువ చెప్ప. పాతది ముందు పెట్టుకో, చుట్టు గీత గీసుకో, రంపంతోని గీత దాకా చిన్న చిన్న గాట్లు పెట్టుకుంట పో, ఆ ముక్కలు ఉలితోని తీసెయ్, మిగిలింది గోటి ఉలితోని. మన వాళ్ళు కింద కూసొని స్క్రోల్‌ని కుడి పాదం మీద ఆనిచ్చి వాయిస్తరు గాబట్టి అంచులు పదును లేకుండ గుండ్రంగ చెయ్యి, గంట సేపు కచేరీల పాదానికి గుచ్చుకుంటది. బిరడల పెట్టె లోపల తవ్వేటప్పుడు పక్క గోడలు 5 ఎంఎం కంటే సన్నం చేయకు, అడుగున ఇంకా కొంచెం మందం ఉంచు, బిరడ తిప్పినప్పుడు వచ్చే చీలికలన్నీ అక్కడనే మొదలైతయి.

ఇప్పుడు అసలు పనికి వచ్చినం. ఫింగర్‌బోర్డుని నెక్ మీద రెండు మూడు చుక్కల సరేసుతోని తాత్కాలికంగ అతికించు, ప్రొజెక్షన్ కొలవాలంటే అది ఉండాలె. నెక్ వెనక భాగం ఇంకా మొద్దుగనే ఉండనీ, చెక్కకు, హీల్ కూడా మొద్దుగనే ఉండనీ. బాడీల గాడి పైన వెడల్పు, బటన్ దిక్కు సన్నం, పైన 33–34 ఎంఎం ఉంటే బటన్ కాడ 21 అటుఇటు, లోతు సుమారు 6 ఎంఎం. హీల్ ఈ గాడిలకు పైనుంచి దిగుతది, రెండు పక్కల, వెనక ముఖం అంటే బాడీ దిక్కు ఉండే ముఖం, కింద బటన్, అన్ని కాడల కట్టెకు కట్టె ఆనాలె. జిగురు ఖాళీలను నింపది, ఈ మాట చానా మందికి తెలవది, సరేసు కట్టె కట్టె ఆనిన కాడనే పట్టుకుంటది.

కష్టం ఎక్కడ అంటే ఐదు లెక్కలు ఒక్కసారే కుదరాలె. నెక్ పొడువు 130. అంచు పైన ఎత్తు 6. ప్రొజెక్షన్ 27. ముందునుంచి చూస్తే ఫింగర్‌బోర్డు మధ్య గీత సక్కగ రెండు ఎఫ్ రంధ్రాల మధ్యలకు పోవాలె. కొన నుంచి చూస్తే ఫింగర్‌బోర్డు ఒక దిక్కు ఒరగొద్దు. ఒకటి సరి చేస్తే ఇంకోటి కదుల్తది. అందుకే మొదటిసారే గాడిని పూర్తి వెడల్పు తీయకు, చిన్నగ తీసి, హీల్ బిగుతుగ సగం దిగేటట్టు పెట్టి, ఐదు కొలతలు చూసుకో, కాగితం మీద రాసుకో, అప్పుడు ఎక్కడ తీయాలో నిర్ణయించుకో, ఒక పెచ్చు తియ్యి, మల్ల పెట్టు, మల్ల ఐదూ కొలువు. ఎటు తీస్తే ఏమైతదో చెప్త. హీల్ వెనక ముఖంల బటన్ దిక్కు కొంచెం తీస్తే అడుగు లోపలికి పోయి స్క్రోల్ వెనక్కి ఒరుగుతది, బ్రిడ్జి కాడ ప్రొజెక్షన్ పెరుగుతది. పై దిక్కు తీస్తే ప్రొజెక్షన్ తగ్గుతది. మొత్తం సమంగ తీస్తే పొడువు తగ్గుతది. బటన్ మీద ఆనే ముఖం తీస్తే 6 ఎంఎం ఎత్తు తగ్గుతది. ఎంత తీయాలె అన్న లెక్క కూడా పెట్టుకో, ఆ ముఖం ఎత్తు 34 ఎంఎం అటుఇటు, బ్రిడ్జి అక్కడికి 195 దూరం, అంటే బటన్ దిక్కు 0.2 ఎంఎం తీస్తే బ్రిడ్జి కాడ ఎంఎం పైననే కదుల్తది. 0.2 అంటే రందా పడితే వచ్చే ఒకటి రెండు పొరలు, అంతే. అందుకే చెప్తున్న, ఇక్కడ తొందర వద్దు, చీకటి పడినంక చేయొద్దు, అలిసిపోయినప్పుడు చేయొద్దు.

ఎక్కడ ఆనుతుందో కండ్లకు కనపడది గాబట్టి బడిల వాడే సుద్దముక్క రుద్దు, గాడి లోపల. హీల్ దించి, నొక్కి, తీసి చూస్తే హీల్ మీద తెల్లగ అంటిన కాడ ఎత్తు ఉన్నట్టు, అక్కడ మాత్రమే ఉలితోని గీకు. మొదట మూడు నాలుగు మచ్చలు కనపడ్తయి, పోనుపోను మొత్తం ముఖం తెల్లగ అంటుకుంటది, అప్పుడు కుదిరినట్టు. ప్రొజెక్షన్ 27 కాకుండ 27.5 కాడ ఆపు, తీగెలు ఎక్కినంక కొన్ని నెలలల్ల నెక్ జర ముందుకు వంగుతది, మన దిక్కు ఎండకు ఇంకా ఎక్కువ. చివరికి జిగురు లేకుండనే హీల్ దించి బాడీని గాలిల పట్టుకుంటే నెక్ దానంతట అది నిలబడాలె. అట్ల నిలబడకపోతే సరేసు వేడి చేయకు, మల్ల సుద్ద పట్టు.

జిగురు సంగతి. సరేసు తప్ప ఇంకోటి వద్దు, ఫెవికాల్ వద్దు, ఎపాక్సీ అసలే వద్దు. తెల్ల జిగురు ఏండ్లకేండ్లు లాగుతున్న బరువు కింద, అందులో ఎండకు, మెల్లమెల్లగ జరుగుతది, మల్ల రేపు ఎవరన్నా నెక్ తీయాలంటే కట్టె చింపకుండ రాదు. సరేసు అయితే వేడికి తడికి విడుతది, వయొలిన్‌ని మల్ల మల్ల బాగుచేసుకోవచ్చు, అందుకే వందల ఏండ్ల సంది అదే నడుస్తుంది. గింజలు రాత్రి చల్లటి నీళ్ళల్ల నానేసి, పొద్దుగాల ఒక గిన్నెల నీళ్ళు పెట్టి అందులో ఈ గిన్నె పెట్టి కాగనియ్యి, 60 డిగ్రీల కాడ ఆపు, మరగనిస్తే బలం పోతది. వేలికి రాసుకొని రెండు వేళ్ళు కలిపి తీస్తే సన్న దారం సాగాలె. ఫ్యాన్ బంద్ చెయ్యి, కూలర్ బంద్ చెయ్యి, గాలి తగిలితే ఎంబడే గడ్డకడ్తది. హీల్‌ని, గాడిని హెయిర్ డ్రయ్యర్‌తోని గోరువెచ్చగ చేసుకో. ఈ పనికి మనకు ఎండాకాలం మధ్యాహ్నం మంచి టైం, గది వేడిగ ఉంటది, జిగురు నీకు కొంచెం టైం ఇస్తది. రెండు దిక్కుల రాసి, దించి, బటన్ కింద కార్క్ ముక్క పెట్టి, ఫింగర్‌బోర్డు పైన వంపుకు తగ్గ చెక్క పెట్టి ఒక్క క్లాంపు బిగించు, ఎంబడే మధ్య గీత, ప్రొజెక్షన్ మల్ల చూసుకో, తప్పుంటే అప్పుడే తీసి కడుక్కోవచ్చు. ఒక రోజు మొత్తం ముట్టకు.

అదే సరేసు వేడికి విడుతది అన్న సంగతి తర్వాత కూడా యాదికుంచుకో. మే నెలల మన దిక్కు 44, 45 పోతది, కారు అద్దాలు ఎక్కించి ఎండకు పెడితే లోపల 60 దాటుతది, అంటే నువ్వు జిగురు కాచిన వేడి అది. రేకుల ఇంట్ల అటక మీద పెట్టినా కష్టమే. నా దగ్గరికి ఊడిన నెక్‌లు ఎక్కువ వచ్చేది జూన్‌ల, పెండ్లిండ్ల సీజన్ అయినంక.

జిగురు ఆరినంకనే నెక్ వెనక చెక్కుడు. ఫింగర్‌బోర్డుని ఇప్పుడు తీసి మల్ల పూర్తిగ సరేసు పెట్టి అతికించుకో. ఫింగర్‌బోర్డుతోని కలిపి మందం నట్టు దిక్కు 18.5–19, హీల్ దిక్కు 21 రావాలె. ఆ రెండు కాడల ముందు కొలతకు తెచ్చుకొని మధ్యల స్కేలు పెట్టి కలుపుకుంట పో. కర్ణాటక సంగీతంల గమకాలకు చెయ్యి పైకి కిందికి జారుతనే ఉంటది, బొటనవేలుకు ఎక్కడా గడ్డ తగలొద్దు, ముఖ్యంగ నెక్ అయిపోయి హీల్ మొదలైన కాడ ఆ మలుపు మెత్తగ ఉండాలె. కండ్లు మూసుకొని చెయ్యి జార్చి చూడు, కండ్లకు కనపడని ఎత్తుపల్లాలు చేతికి తెలుస్తయి. ఇక్కడ సాండ్ పేపర్ కంటే ముందు పల్చటి స్టీలు పట్టీతోని గీకు, నున్నగ వస్తది. తర్వాత తడిగుడ్డతోని తుడిస్తే నారలు లేస్తయి, ఆరినంక సన్న పేపర్ పట్టు, ఇట్ల రెండు మూడుసార్లు. చెయ్యి జారే భాగానికి వార్నిష్ వద్దు, ఫర్నిచర్‌కి కొట్టే మెరుపు పాలిష్ అసలే వద్దు, చెమటకు జిగటపట్టి చెయ్యి ఆగిపోతది. పల్చగ లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, రాసి ఒట్టి గుడ్డతోని బాగ రుద్దితే చాలు. ఆ నూనె గుడ్డలు మాత్రం ఉండచుట్టి మూలకు పారేయకు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటయి, బయట దండెం మీద పరిచి ఆరేసి తర్వాత పారెయ్. హీల్‌కి, స్క్రోల్‌కి మాత్రం బాడీ రంగుకు దగ్గరగ వార్నిష్ పెట్టుకో.

మిగిలింది రీమర్‌తోని బిరడల రంధ్రాలు, మెల్లగ, ఊకే బిరడ పెట్టి చూసుకుంట. నట్టు పైన మొదటి తీగె నుంచి నాలుగో తీగె దాకా 16–16.5 ఎంఎం, గాట్లు లోతుగ వద్దు, తీగె మందంల మూడో వంతు దిగితే చాలు, ఫింగర్‌బోర్డు నుంచి ఒక విజిటింగ్ కార్డు దూరే సందు ఉండాలె. నట్టు ఎత్తు ఎక్కువ పెట్టేటోళ్ళు చానా మంది ఉన్నరు, మన శ్రుతికి తీగెలు మెత్తగ ఉంటయి గాబట్టి నట్టు ఎత్తు ఉంటే కింది స్వరాలు నొక్కినప్పుడు శ్రుతి పైకి పోతది, ఆ తప్పు చెవిదేమో అనుకొని వాయించేటోళ్ళు బాధపడ్తరు. బ్రిడ్జి పాతది సరిపోదు, కొత్తది చెక్కించుకోవాలె, సౌండ్ పోస్ట్ నిలబెట్టుడు, బ్రిడ్జి చెక్కుడు ఈ రెండు మాత్రం మొదటిసారి తెలిసినోళ్ళ దగ్గర చేయించుకొని పక్కన కూసొని చూడు. తీగెలు ఒక్కసారే శ్రుతికి తేకు, మొదటి రోజు వదులుగ, తర్వాత రోజుకింత పెంచుకుంట వారంల సా పా సా పాకి తెచ్చుకో, ప్రతి రోజు ప్రొజెక్షన్ కొలిచి రాసుకో.

ఇప్పుడైతే నువ్వు చేయాల్సింది, బటన్‌ని వెలుతురుల దగ్గరగ ఫోటో తీసి పెట్టు, గాడి లోపల ఒక ఫోటో, స్టాప్ ఎన్ని ఎంఎం వచ్చిందో రెండు దిక్కుల కొలిచి రాయి, ఫింగర్‌బోర్డు మీద స్కేలు నిలబెట్టి పొడువున సందు ఎంత ఉందో కూడా. అవి చూసినంక బ్లాక్ ఏ సైజు తెప్పించుకోవాల్నో, పాత ఫింగర్‌బోర్డు పనికొస్తదో లేదో చెప్త.